సిరిగేరి నుంచి ఇద్దరు ఆటగాళ్లను రప్పించిన వైనం

మా బళ్లారి కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టును తవ్వేసి సైకిల్ షెడ్డు కడతారని తెలియగానే నా రక్తం ఉడికిపోయింది. ప్రిన్సిపాలు గదికి పోయి, యువకుల మైదానం లాక్కోవడం దోపిడీయేనని, కరపత్రాల్లో చదివిందంతా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఆదివారం పాత విద్యార్థుల మ్యాచి పెట్టి జనాన్ని రప్పిస్తే కోర్టు జోలికి రానన్నారు. జనం రావాలంటే మా కాలేజీ పాత ఆటగాళ్లు, ఇప్పుడు సిరిగేరిలో ఉంటున్న రామిరెడ్డి, ఓబులేసు రావాలి. వాళ్లాడే రోజుల్లో గోడలెక్కి చూసేవాళ్లట!

శనివారం పొద్దున్నే సిరుగుప్ప బస్సెక్కాను. అప్పట్లో టికెట్టు రూపాయి లోపే. సిరిగేరి అడ్డరోడ్డులో దిగి, వరిమళ్ల మధ్య నడిస్తే ఊరు. ఓబులేసు అక్కడ బడిపంతులు. సంగతి వింటూనే లేచాడు గానీ ఒక షరతు పెట్టాడు.

“రెడ్డి లేకుండా నేనొచ్చి ఏం జేయాలప్పా? వాడు చూడకుండా విసుర్తాడు. బంతి యాడికొస్తాదో నాకొక్కనికే తెలుసు.”

రెడ్డి పొలంలో పారతో ఉన్నాడు. ఆదివారం ఆయనకు కాలువ నీటి వంతు. మనిషి కాపలా లేకపోతే పైపొలంవాళ్లు మడవ తిప్పి నీళ్లు మళ్లించుకుంటారు, కొత్త నాట్లు ఎండిపోతాయి. కూలికి ఎవరినైనా పెడదామంటే ఊరంతా నాట్లలోనే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఒక్క మడి కోసం ఒక తరం కోర్టును బలిపెడతావా అని అరిచాను.

“బలే మాట్లాడ్తాండావే,” అన్నాడు రెడ్డి. “అంత రోషముండేటోడివి, రేపు నువ్వే నిలబడు మడవ కాడ. పార ఈడే ఉండాది.”

పార అందుకున్నాను.

ఆదివారం వాళ్లిద్దరూ బస్సెక్కారు, నేను గట్టున నిలబడ్డాను. పైపొలం ఆసామి నీళ్లు తిప్పుకుందామని వస్తే, సమాన హక్కుల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. కాసేపు విని, “నాకు నీళ్లొద్దు ఏమొద్దు, నువ్వు నోరు మూస్తే సాలు సామీ,” అంటూ వెళ్లిపోయాడు.

పొద్దుగూకాక ఇద్దరూ వచ్చారు. రెడ్డి పలకరించకుండానే మడిలోకి దిగి, నీళ్లు చివరిదాకా పారాయో లేదో చూసుకున్నాడు. ఓబులేసే చెప్పాడు. “గెలిచినామప్పా. జనం ఇరగబడినారు. షెడ్డు గేటు కాడ కడ్తారంట, కోర్టు మనదే.” ఆ బురదలోనే గంతులేశాను.

ఇంత తిరిగి కుదిర్చిన మ్యాచి నేను కళ్లారా చూడలేదు. అయినా ఆ జట్టులో నేనూ ఆడాననే అంటాను. కాదనేవాళ్లుంటే వాదనకు రమ్మనండి. మీరూ కాలువ కింది ఊళ్ల నుంచి పాత ఆటగాళ్లను పిలవాలనుకుంటే, మ్యాచి తేదీ పెట్టకముందే వాళ్ల నీటి వంతు ఏ రోజో కనుక్కోండి.