అగ్గికోర వీపు మీది కుట్టు

మా వదిన అంత పిరికి మనిషి ఈ భూప్రపంచంలో ఇంకొకరు ఉండరు. వదినంటే మా ఆయన అక్క. గోడ మీద బల్లి కదిలితే చాలు, మంచమెక్కి కూర్చుంటుంది. లిఫ్టు ఆగిపోతుందేమోనని ఎన్ని అంతస్తులైనా రొప్పుకుంటూ నడుస్తుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి, రోజూ పొద్దున్నే ఒక రాక్షసుణ్ణి కుట్టడం!

ఆ రాక్షసుడి పేరు అగ్గికోర. వాళ్ల చిన్నప్పుడు వారం వారం వచ్చే బొమ్మల కథల పుస్తకంలో ఉండేవాడు. నల్లటి ఒళ్లు, నిప్పుకణికల్లాంటి కోరలు, వీపు నిండా పొలుసులు. మా అత్తగారు పనికి వెళ్తే వదినే తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించేది. అగ్గికోర బొమ్మ వచ్చిందంటే మాత్రం ఆవిడకి ముచ్చెమటలు పోసేవి. పుస్తకం తెరిస్తే వాడు బయటికి వచ్చేస్తాడని సూదీ దారం తెచ్చి ఆ పేజీల అంచులు కలిపి కుట్టేసేది. మా ఆయన ఊరుకునే రకమా? అక్క అటు తిరగగానే పళ్లతో దారం కొరికి, పేజీ విప్పి, "అక్కా, వచ్చాడే!" అని అరిచేవాడు. ఆవిడ కెవ్వుమని వీధిలోకి పరుగు. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం, ఆవిడ మాత్రం నవ్వదు.

ఆ చేతులతోనే తర్వాత బట్టల కంపెనీలో చొక్కాలకి కాజాలు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. ఆ తమ్ముడేమో పెద్దయ్యి, ఆ కథల్ని టీవీ సీరియల్‌గా తీస్తుంటే అందులో అగ్గికోర వేషమే కట్టాడు. మా ఆయన మనిషి పొడుగు, అదే ఆయన అర్హత. ముఖం ఎవరికీ కనబడదు, గొంతు ఇంకెవరిదో పెడతారు, ఒళ్లు మాత్రం ఆయనది. అక్కని కూడా అక్కడే దుస్తుల గదిలో పనికి పెట్టించాడు. సీరియల్ నడిచినన్నాళ్లూ ఆ తొడుగుకి వెనకాల జిప్పు ఉండేది, ఏ గొడవా లేకపోయింది. సినిమా దగ్గరికి వచ్చేసరికి దర్శకుడు అడ్డం తిరిగాడు.

"పుస్తకంలో అగ్గికోరకి జిప్పు ఉందా? అభిమానులు మనల్ని బతకనిస్తారా?" అన్నాడు.

దాంతో పొద్దున మా ఆయన్ని ఆ రబ్బరు తొడుగులో దించి, నడుము నుంచి మెడ దాకా మైనం పట్టించిన దారంతో కుట్టి, చివర తల తగిలించి ముడెయ్యడం, సాయంత్రం విప్పడం వదిన పనయింది. మెడ దగ్గరి ముడి ఒక్కటి తెంపితే మొత్తం ఊడొచ్చేలా కుట్టేది. ఆ ముడి కోసమే మెళ్లో చిన్న కత్తెర వేలాడేసుకుని తిరిగేది.

"ఒరేయ్, లోపల గాలాడుతోందా?" కుట్టు కుట్టుకీ ఇదే ప్రశ్న.

"ఆడకపోతే అరుస్తాలే. నువ్వు ముందు సూది నా వీపులో దించకు తల్లీ!"

"తల పెట్టాక నీ అరుపు ఎవడికి వినబడుతుందిరా?"

షూటింగ్‌లో అందరూ కోరలు చూస్తుంటే ఆవిడ వీపు చూసేది. ఊపిరి పీల్చినప్పుడల్లా అక్కడి పొలుసులు కొంచెం లేస్తాయి. ఒకరోజు అవి లేవలేదని ఏడుస్తూ షాట్ మధ్యలోకి దూరింది. తీరా చూస్తే మా ఆయన కదలకూడదని ఊపిరి బిగబట్టాడు, అంతే. దర్శకుడు అంతెత్తున లేచాడు. మేనేజరు వచ్చి ఆవిడ మెళ్లోంచి కత్తెర తీసేసుకున్నాడు.

"ఇకమీదట సాయంత్రం నేనే ఇస్తా. ఇంకోసారి దూరావో, అక్కాతమ్ముళ్లిద్దరూ ఇంటికే."

ఆ పూట వదిన ముద్ద ముట్టలేదు. "మానెయ్యరా" అని తమ్ముణ్ణి బతిమాలింది.

"చచ్చే సీను ఒక్కటేగా అక్కా మిగిలింది! వాడు పోతే నీ భయమూ పోతుంది" అన్నాడు ఆయన.

ఆ చచ్చే సీను చూడ్డానికి నేనూ వెళ్లాను. షెడ్డు తలుపులన్నీ మూసి పొగ వదిలారు. అగ్గికోర నేల మీద పడి కొట్టుకుంటున్నాడు, గొంతు పట్టుకుంటున్నాడు, గోళ్లతో నేల గీరుతున్నాడు. "అబ్బ, ఏం చేస్తున్నాడమ్మా మీ ఆయన!" అన్నాడు పక్కనున్న లైట్ల మనిషి. నాకూ గర్వంగానే అనిపించింది. కాసేపటికి బోర్లా పడి కదలకుండా ఉండిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

వదిన నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు చల్లగా మంచులా ఉన్నాయి.

"లేవడం లేదు" అంది.

"చచ్చిపోయాడుగా వదినా, సీనే అది."

"వీపు లేవడం లేదే!"

ఆవిడ ఒక అడుగు వేసి ఆగింది. మేనేజరు అటువైపు నుంచి వేలు చూపిస్తున్నాడు. ఆ వేలంటే భయం, పొగంటే భయం, పొగలో పడున్న ఆ రాక్షసుడంటే ఈ వయసులోనూ భయం. ఆ భయంతోనే పరిగెత్తింది.

చెయ్యి మెళ్లోకి పోయింది. కత్తెర లేదు. ముడి వేళ్లకి లొంగలేదు. వదిన ఆ నల్లటి వీపు మీద పడి, మెడ దగ్గర పళ్లు పెట్టి కొరికింది. "కట్! కట్! ఎవరయ్యా ఆవిడ?" అని దర్శకుడు అరుస్తున్నాడు. ఎవరో భుజం పట్టి లాగుతున్నారు. ఆవిడ వదల్లేదు. దారం తెగింది, కుట్టంతా సర్రున జారింది, తల పక్కకి దొర్లింది. లోపల మా ఆయన ముఖం నీలంగా ఉంది.

వదిన ఆయన్ని పొగలోంచి బరబరా ఈడ్చింది, చెంపలు వాయించింది, "పీల్చరా, పీల్చరా వెధవా!" అని ఛాతీ మీద గుద్దింది. ఎంతసేపని! చివరికి దగ్గాడు. ఆ దగ్గుతో నా ప్రాణం లేచొచ్చింది. కళ్లు సగం తెరిచి, అక్క పెదవుల మీది నెత్తురు చూసి, "అక్కా, వచ్చానే" అన్నాడు. వదిన అక్కడే కూలబడి గుక్కపెట్టి ఏడ్చింది.

లోపల చాలాసేపు అరిచాడట. ఆ మాట ఇంటికొచ్చాక చెప్పాడు.

సినిమాలో అదే ముక్క వాడుకున్నారు మహానుభావులు, పైన ఎవరిదో గర్జన పెట్టి. అగ్గికోర గొంతు పట్టుకున్నాడు, నేల గీరాడు, బోర్లా పడ్డాడు. హాలంతా లేచి ఈలలు, చప్పట్లు. నాకూ వదినకీ మధ్య కూర్చున్న ఆయన "ఎలా చేశాను?" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నేను చీకట్లో ఆయన వీపు మీద చెయ్యి వేశాను. అక్కడ అప్పటికే వదిన చెయ్యి ఉంది. లైట్లు వేసేదాకా ఇద్దరం తియ్యలేదు.