పదిహేడో కారు ఎడమ పక్క

నోర్మా జనాసి మా ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. అచ్చుకు వెళ్లే ప్రతి పుస్తకంలోనూ తేదీలు, పేర్లు, కొలతలు నిజమో కాదో చూడడం ఆమె పని. వంటల పుస్తకమైనా, పునీతుల చరిత్ర అయినా ఆమెకు ఒకటే. సరిచూసిన ప్రతి సంగతి పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేది. చుక్క లేనిది అచ్చుకు వెళ్లేది కాదు.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఏ సంగతికైనా రెండు ఆధారాలు కావాలి. కాగితం ఉంటే కాగితం. లేకపోతే మనుషులు. ఆ మనుషులకు ఆ సంగతిలో చుట్టరికం ఉండకూడదు. ఈ నియమం వల్లే, తన మాట మీదే ఒక పేరు చేర్చమని వచ్చిన బిషప్పు మేనల్లుడు మా ప్రెస్సు గడప తొక్కడం మానేశాడు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. మా ఊరు మొదేనాలో రైలు స్టేషన్ వెనక మూడో అంతస్తులో ఒంటరిగా ఉండేది. మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె, జున్ను బల్ల దగ్గరే తినేది. తిన్నాక పొడి గుడ్డతో బల్ల తుడిచి మళ్లీ కాగితాలు పరిచేది.

1996 చలికాలంలో కొమెందతోరె బెర్తోలాని పుస్తకం మా దగ్గరికి వచ్చింది. కొమెందతోరె అన్నది ప్రభుత్వం ఇచ్చిన బిరుదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పక్క ఊరు సస్సువోలోలో టైల్స్ ఫ్యాక్టరీలు పెట్టి డబ్బు చేసుకున్నాడు. పాత కార్లు ముప్పై నాలుగు ఉన్నాయి. వాటికోసం కట్టిన హాలు, ఆయన పనివాళ్ల ఇళ్లకన్నా వెచ్చగా ఉంటుందని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ కార్ల మీద ఒక పెద్ద పుస్తకం వేయిస్తున్నాడు. రాసింది ఆయన దగ్గర ఉద్యోగం చేసే తిరెల్లి, చదువుకున్న కుర్రవాడు.

నోర్మా రోజుకు ఒక కారు చూసేది. పదిహేడో కారు దగ్గర ఆగిపోయింది. 1956 నాటి ఎర్రటి రెండు సీట్ల పందెం కారు. బొమ్మ కింద ఒక వాక్యం ఉంది. ఈ కారు రేకును చేత్తో కొట్టి మలచినవారు ఎర్మెస్ మలగోలి, అవెలినో జనాసి; ఆ రేకే నేటికీ ఉంది.

అవెలినో ఆమె తండ్రి.

ఇరవై రెండేళ్లు ఆయన ఒక షెడ్డులో కొయ్య సుత్తితో అల్యూమినియం రేకు కొట్టాడు. కార్ల మీద షెడ్డు యజమాని పేరు ఉండేది. పందెం గెలిస్తే పత్రికల్లో నడిపినవాడి పేరు వచ్చేది. అవెలినో పేరు అచ్చయింది ఒక్కసారే, 1971లో, ఆయన పోయినప్పుడు వీధి గోడకు అంటించిన చావు కబురు మీద. వాన పడి మూడో రోజుకు అది ఊడిపోయింది.

ఆ వాక్యం నేను కూడా చదివాను. నా బల్ల ఆమె పక్కనే.

"ఈసారికి చుక్క పెట్టేసెయ్ నోర్మా," అన్నాను.

"ఇంకా చూడలేదు," అంది.

మర్నాడు బస్సెక్కి సస్సువోలో వెళ్లింది. చేతిసంచిలో ఒక దారపు ఉండ ఉంది. హాలులో ఆమె కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చక్రం నడిమి నుంచి పైరేకు ఉబ్బు మీదుగా దారం పరుస్తుంటే తిరెల్లి చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి సిన్యోరా, మా కారుకి గౌను కుడతారా?"

ఆమె కుడి పక్క కొలిచి దారానికి ముడి వేసింది. అదే దారం ఎడమ పక్క పరిచింది. ముడి సరిగ్గా అక్కడికే వచ్చింది. మళ్లీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. ముడి జరగలేదు.

ఆ సాయంత్రం చర్చి పక్కనున్న బారుకు వెళ్లింది. ఎర్మెస్ మలగోలి అక్కడే పేకాడుతూ ఉంటాడు; చుట్టం కాకపోయినా చిన్నప్పటినుంచీ ఆమెకు బాబాయే. డెబ్బై ఎనిమిదేళ్లు. చెవుడు. రేకు కొట్టినవాళ్లందరికీ ఉండేదే.

"ఏంటే అమ్మాయ్, పంతులమ్మలా ఆ మొహం?"

"బాబాయ్, కొమెందతోరె దగ్గరున్న ఆ ఎర్ర కారు రేకు నువ్వూ నాన్నా కొట్టిందేనా?"

"ఏంటీ?"

ఆమె గట్టిగా మళ్లీ అడిగింది. పక్క బల్లవాళ్లు తలలు తిప్పారు.

"ఆ తిరెల్లికి చెప్పాగా. కుడి పక్క నాది, ఎడమ పక్క మీ నాన్నది."

"రెండు పక్కలూ సమానంగా ఉన్నాయి."

ఎర్మెస్ పేకముక్కలు బోర్లా పెట్టేశాడు.

ఆ షెడ్డులో గీసిన కొలతలు ఉండేవి కావు. ఇనప తీగతో కారు ఆకారం కట్టి, ఒకడు కుడి పక్క, ఒకడు ఎడమ పక్క కంటితో చూసుకుంటూ కొట్టేవారు. రెండు పక్కలూ ఏనాడూ ఒకలా రాలేదు. అవెలినో చక్రం మీది రేకును ఎప్పుడూ ఒక వేలు మందం ఎత్తుగా లేపేవాడు. యజమాని తిట్టేవాడు. అవెలినో సరేననేవాడు. తర్వాతి కారూ అలాగే వచ్చేది.

"ముందునుంచి చూస్తే పన్నునొప్పితో ఎడమ బుగ్గ వాచినట్టుండేది," అన్నాడు ఎర్మెస్. "దూరంనుంచే పోల్చుకునేవాళ్లం, అదిగో అవెలినో బుగ్గ అని."

"ఎప్పుడు మార్చారు బాబాయ్?"

"డెబ్బై నాలుగులో. కొండ పందెంలో గోడకి గుద్దింది. అప్పటి యజమాని గుట్టుగా నా దగ్గరికి తెచ్చాడు. అసలు రేకే అని అమ్ముకుందామని. మా ఇంటి గరాజులో చేశా. పాత రేకు కరిగించడానికి పోయింది."

"రెండు పక్కలూ నువ్వేనా?"

"నేనే." గ్లాసు పక్కకు జరిపాడు. "ఎడమ పక్క వాడిలాగే కొడదామనుకున్నానే. వాడు పోయి అప్పటికి మూడేళ్లు. మూడుసార్లు కొట్టా. ఎత్తు లేపితే బొప్పి కట్టినట్టు వచ్చింది తప్ప వాడిదిలా రాలేదు. చివరికి నాదే వచ్చింది."

"మరి తిరెల్లికి అలా ఎందుకు చెప్పావు?"

"ఎందుకేంటి? వాడి పేరు ఎక్కడో ఒకచోట ఉండొద్దా?"

నోర్మా సంచిలోంచి పెన్సిల్ తీసింది. ఎర్మెస్ ముందుకు వంగాడు.

"సరే, ఇప్పుడున్న రేకు నాదేనని రాసుకో. కానీ మొదటి రేకు వాడిదేగా. అది రాయి. అబద్ధం కాదుగా?"

"కాదు. ఆధారం?"

"నేను చెప్తున్నా కదే!"

"నువ్వొక్కడివి. ఇంకొకరు కావాలి."

"ఎక్కణ్ణించి తెచ్చేది? షెడ్డులోవాళ్లందరూ పోయారు. నువ్వున్నావుగా! రోజూ వాడికి భోజనం పట్టుకొచ్చేదానివి. సుత్తి ఆగేదాకా గుమ్మంలో నిలబడేదానివి. కళ్లారా చూశావు."

"నేను కూతుర్ని. నా మాట చెల్లదు."

"ఎవడు పెట్టాడే ఆ నియమం?"

"నేనే."

ఎర్మెస్ ఆమెను చాలాసేపు చూశాడు.

"ముమ్మూర్తులా వాడే," అన్నాడు. "ఎంత తిట్టినా సరేనంటావు. మళ్లీ అలాగే కొడతావు."

మర్నాడు 1974లో తాను చేసిన పని సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపాడు. దాంతోపాటు అప్పట్లో రేకు కొన్న రసీదు కూడా. ఆ సంగతికి రెండు ఆధారాలూ కుదిరాయి. రేకు అసలుది కాదని తెలిసి కొమెందతోరె ఒక రోజంతా మండిపడ్డాడట. రెండో రోజు, రేపు ఇంకెవడో దారం పట్టుకొచ్చి నవ్వేకన్నా నా పుస్తకంలోనే వేయండి అన్నాడట.

పేజీ నోర్మా బల్ల మీద రెండు రోజులు ఉంది. చర్చి రిజిస్టర్లు చూడనక్కర్లేదు, వాటిలో కార్ల సంగతి ఉండదు. కార్మిక సంఘం ఆఫీసుకు వెళ్లి పాత సభ్యుల జాబితా తీయించింది. అవెలినో ఆ షెడ్డులో పనిచేశాడని ఉంది. ఏ కారుకు ఏ చెయ్యి పడిందో ఎవరూ రాసి పెట్టలేదు.

"ఒక్క పేరు నోర్మా," అన్నాను. "ఎవడికి నష్టం?"

"బిషప్పు మేనల్లుడూ ఇదే అన్నాడు."

మూడో రోజు తిరెల్లి ఫోన్ చేశాడు. రిసీవరు చెవికి కాస్త దూరంగా పెట్టుకునే అలవాటు ఆమెది. అతని మాటలు నాకూ వినిపించాయి.

"అయితే సిన్యోరా, ఇప్పటి రేకు ఎర్మెస్ మలగోలి, 1974. బాగుంది. మొదటి రేకు ఎవరిదని వేయమంటారు?"

"తెలియదు అని."

అటునుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు వచ్చింది.

"క్షమించండి. ఆ జనాసి, మీరూ... ఇంటిపేరు ఒకటే కదా. మీకూ తెలియదా?"

"నాకు తెలుసు," అంది నోర్మా. "తెలియదు అనే వేయండి."

ఫోన్ పెట్టేసి పెన్సిల్ చెక్కుకుంది. తండ్రి పేరు మీద గీత గీసింది. దిద్దుబాటుకు ఎన్నడూ స్కేలు వాడని మనిషి, ఆ రోజు నన్నడిగి స్కేలు తీసుకుంది. వాక్యం పక్కన చుక్క పెట్టింది. స్కేలు నాకు తిరిగిచ్చి పద్దెనిమిదో కారు పేజీ తీసింది.