బావకు నేనిచ్చిన గోలీలు

ఒకే ఒక్క "లేదు"ను కొన్నేళ్లుగా మోస్తున్నాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు మా చుట్టాలు కారు కాబట్టి.

చిక్కడపల్లిలో నాకు మెడికల్ షాపు ఉంది. ఫార్మసీ చదివాను, అంటే తెలియక చేశానని చెప్పుకునే సౌకర్యం కూడా లేదు. అక్కాబావా ఉండేది అశోక్‌నగర్‌లో. బావకు కడుపులో పుండు పగిలి మొదటిసారి ఆపరేషన్ అయినప్పుడు, ఇక నొప్పి గోలీలు ముట్టుకోవద్దని డాక్టర్ నాతోనే చెప్పాడు. ఇంట్లో మందులు తెలిసినవాణ్ణి నేనే కదా.

బావకు మోకాళ్ల నొప్పి. కొన్నాళ్లకే షాపుకొచ్చి, "బామ్మర్దీ, జర ఆ గోలీ ఇయ్యరాదూ, మెట్లెక్కుడు అయితలేదు" అన్నాడు. అక్క మొగుణ్ణి కౌంటర్ అవతల నిలబెట్టి కాదనడం మా ఇళ్లలో లేదు. స్ట్రిప్పు కత్తిరించి, పక్కన ఒక గ్యాస్ గోలీ పెట్టి ఇచ్చాను. డాక్టర్ మాట ఎత్తకుండా, ఏం కాదన్నాను. తర్వాత ఆయనకు అలవాటైంది. నాకూ అయింది.

పుండు మళ్లీ వచ్చింది. ఈసారి రక్తం కక్కుకున్నాడు. నారాయణగూడలో ఆసుపత్రి వరండాలో డాక్టర్ నన్ను అడిగాడు, నొప్పి గోలీలు ఏమైనా వాడాడా అని. "లేదు సార్" అన్నాను. ఆయన అడగడం పూర్తికాకముందే అన్నాను. ఆలోచించి చెప్పిన అబద్ధమైనా కొంచెం గౌరవంగా ఉండేది. బావ కడుపులో సగం తీసేశారు. తన వంటలో కారం వల్లే ఇదంతా అని అక్క ఏడ్చింది. నేను కాదనలేదు. తలూపాను కూడా. మనిషన్నవాడు అలా ఊపుతాడా?

మొన్న వాళ్లింటికి వెళ్తే బావ చొక్కా జేబులో అదే గోలీల స్ట్రిప్పు. నేను స్టాకు లేదంటూ తప్పించుకుంటుంటే, ఆయన నల్లకుంటలో కొంటున్నాడట.

"నువ్విచ్చినవే గదా, ఏమైతది?" అని నవ్వాడు.

నా అబద్ధం నేను లేకుండానే పని చేసుకుపోతోంది.

స్ట్రిప్పు లాక్కున్నాను. మొత్తం చెప్పేశాను, అక్క ముందే.

"తెల్సే ఇచ్చినవా తమ్మీ?"

"తెల్సే అక్కా."

ఏదో జోకు వేయాలని నోరు తెరిచాను. బావ చెయ్యి కడుపు మీదికి పోయింది. అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇంకా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తితే మాత్రం ఏమంటాను? క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఊపిరి మాత్రం తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.