తల్లిగారింటి మలుపు దగ్గర చెయ్యెత్తితే ఆపుతాడు

ఈ సంగతి రాసిపెట్టకపోతే ఇంకో రెండేళ్ళకు మా బస్సు స్టేజీ దగ్గర అందరూ అతను చెప్పిందే నిజమనుకుంటారు. మొన్న మండల కేంద్రంలో ఏదో మీటింగు జరిగితే, అతను మైకు పట్టుకుని మన ఏరియా బస్సుల టైములు మొట్టమొదట ఆన్‌లైన్‌లో పెట్టింది తానేనని చెప్పాడట. నేను అక్కడ లేను. కొట్లో కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. విన్నవాళ్ళు వచ్చి చెప్పారు. నాకు మైకు ఎవరూ ఇవ్వరు, కాగితం మాత్రం ఉంది. అందుకే రాస్తున్నాను.

పగతో రాస్తున్నానని ముందే చెప్పేస్తున్నాను. అతని పేరు మాత్రం రాయను. పేరు రాస్తే అదీ అతనికి ప్రచారమే.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్ళే రోడ్డు మీద, అడవి లోపలి ఊళ్ళ దారి వచ్చి కలిసేచోట మా స్టేజీ. అక్కడే నా టైలరింగ్ కొట్టు. మిషను రోడ్డు వైపు తిప్పి ఉంటుంది కాబట్టి ప్రతి బస్సూ నా ముందు నుంచే పోతుంది. రోజుకు ఇరవై మంది అడిగేవాళ్ళు, "అక్కా, బస్సు పోయిందా?" అని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల ఊపి చెప్పేదాన్ని. తల ఊపీ ఊపీ విసుగొచ్చి, కొలతల పుస్తకం వెనక పేజీల్లో టైములు రాయడం మొదలుపెట్టాను. మాకు బస్సులను నంబర్లతో పిలిచే అలవాటు లేదు. టీచర్ల బస్సు, పాల బస్సు, రాత్రికి ఊళ్ళోనే ఆగిపోయే నైటాల్టు బస్సు, అంతే. నేనూ అలాగే రాశాను. ఏ బస్సు సంత రోజు నిలబడడానికి కూడా చోటివ్వదో, ఏ బస్సు వానొస్తే రాదో, అన్నీ రాశాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. అందులో సిగ్గేమీ లేదు, గర్వమే ఉంది. కాలేజీకి పోయినవాళ్ళు వాళ్ళ సబ్జెక్టు ఒక్కటే చదువుతారు. నేను తేనెటీగల పెంపకం నుంచి రాజ్యాంగం దాకా బీరువాలో ఏ వరసలో ఏది ఉంటే అది చదివాను. అలా ఒకరోజు అట్టలేని పుస్తకం చేతికొచ్చింది. వెబ్‌సైటు తయారుచేయడం గురించి. ముందు పేజీలు కొన్ని లేవు.

"ఇది తీస్కపోత సార్," అన్నాను గ్రంథాలయం సారుతో.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేనొచ్చినకాడి నుంచి దీన్ని ఎవ్వరు ముట్టలేదమ్మా. తీస్కపో. వాపసు తేకున్నా అడగ."

ఆ పుస్తకం చూసి గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరులో నా బస్సుల పేజీ తయారుచేశాను. మొదట తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై కనిపించాయి. అది పాత పుస్తకం, తెలుగు అక్షరాల కోసం పెట్టాల్సిన లైను అందులో లేదు. ఆ లైను వెతికి పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు "టీచర్ల బస్సు" అని తెరమీద తెలుగులో కనిపించినప్పుడు నేను సారుకు చూపించలేదు. కాసేపు ఒక్కదాన్నే చూసుకున్నాను.

పేజీ తయారైతే సరిపోదని ఆ పుస్తకమే చెప్పింది. ఎప్పుడూ నడుస్తుండే ఇంకొక కంప్యూటరులో దాన్ని ఉంచితేనే లోకానికి కనిపిస్తుంది. దానికే హోస్టింగ్ అని పేరు. కిరాయి ఇచ్చి ఉంచుకోవచ్చు, ఊరికే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఊరికే ఇవ్వడమంటే మన సామాను ఇంకొకరి అరుగు మీద పెట్టుకోవడం లాంటిదని నాకు అర్థమైంది. అరుగు గలవాళ్ళు ఎప్పుడు తీసెయ్యమంటారో అడగాలని మాత్రం తోచలేదు.

గ్రంథాలయంలో ఆ నెల నెట్ రావడం లేదు. మా స్టేజీలోనే, నా కొట్టుకు రోడ్డవతల నెట్ సెంటర్ ఉంది. దాన్ని నడిపేవాడే ఈ కథలో నా శత్రువు. అప్పటికి మాత్రం తమ్ముడి వరసే, నన్ను అక్కా అనే పిలిచేవాడు. మెయిలు, అకౌంటు అతనే తెరిచిపెట్టాడు. ఫోన్ నంబరు అడిగిన చోట నా డబ్బా ఫోన్ చూసి నవ్వాడు.

"దీనికి మెసేజ్‌లు సక్కగ రావక్కా. నా నంబర్ పెడ్త. ఏమన్న వస్తే చెప్త గదా."

"మంచిది తమ్మీ," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఉచిత హోస్టింగ్‌ను నేను తిట్టను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అంతకన్నా మంచి బడి లేదు. ఏది పాడైనా అడిగేవాళ్ళు లేరు. నేను పేజీని ఎన్నిసార్లు చెడగొట్టానో, ఎన్నిసార్లు పాల బస్సును భద్రాచలం బదులు ఎటో పంపించానో నాకే తెలుసు. కిరాయి కట్టి ఉంటే భయంతో వేలు కదిలేది కాదు. కానీ దాని బాధలు దానికున్నాయి. అడ్రసు ఎంత పొడుగంటే, ఫోనులో ఎవరికైనా చెప్పేలోపు వాళ్ళు ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది. పేజీ మీద వాళ్ళ ఇష్టమొచ్చిన ప్రకటనలు వేసేవాళ్ళు. నైటాల్టు బస్సు టైము పైన విమానం టికెట్లు, లావు తగ్గించే పొడి. శ్రీరామనవమికి జనం అందరూ ఒకేసారి చూస్తే మధ్యాహ్నానికే పేజీ మూతపడింది, ఈరోజుకు ఇంతే అని. వీటన్నిటినీ ఓర్చుకున్నాను. రెండేళ్ళు నడిపాను. లోపలి ఊళ్ళ పిల్లలు కూడా ఫోనులో చూసి అవ్వలకు చదివి చెప్పేవాళ్ళు.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. మూడు నెలలు జాకెట్ల కుప్పల్లోంచి తల ఎత్తలేదు, పేజీ వైపు పోలేదు. ఒకరోజు చూస్తే పేజీ లేదు. తెల్లటి తెర, ఇంగ్లీషులో ఒక లైను. రోడ్డు దాటి వెళ్ళాను.

"తమ్మీ, నా పేజీ కనిపిస్తలేదు."

"అవ్ అక్కా, తీసేసిండ్రు. అప్పుడప్పుడు లాగిన్ కాకపోతే తీసేస్తరు. రెండుసార్లు చెప్పిండ్రు గదా."

"ఎవలికి చెప్పిండ్రు?"

"నా ఫోన్‌కు వచ్చింది. నువ్వు చూస్కుంటవనుకున్న."

"నీ ఫోన్‌కు వచ్చింది నేనెట్ల చూస్త?"

అతను కుర్చీ వెనక్కి వాల్చాడు. "ఫుకట్‌ది అక్కా. ఫుకట్‌ది గట్లనే ఉంటది."

నా దగ్గర ఇంకో ప్రతి లేదు. గ్రంథాలయం కంప్యూటరు మధ్యలో చెడిపోతే బాగుచేసినవాళ్ళు అందులోని సరుకంతా తుడిచేశారు. కొలతల పుస్తకం మాత్రం మిగిలింది.

పదిరోజులకు నెట్ సెంటర్ ముందు ఫ్లెక్సీ లేచింది. బస్సు టైముల కోసం మా సైటు చూడండి అని, పక్కన చేతులు కట్టుకున్న అతని ఫొటో. గ్రంథాలయంలో తెరిచి చూశాను. నా పేజీయే. రంగు మార్చాడు, కిరాయి కట్టి పొట్టి అడ్రసు పెట్టాడు, కింద తన సెంటర్ పేరు వేసుకున్నాడు. తీసేస్తారని తెలియగానే పేజీని దాచుకుని, నాకు చెప్పకుండా అది చచ్చేదాకా ఆగాడు. నేను ఒక్కో లైను చదువుతూ కిందికి వెళ్ళాను. సగంలో ఆగాను.

"మా తల్లిగారింటి మలుపు దగ్గర చెయ్యెత్తితే ఆపుతాడు."

నా పుట్టింటి ఊరి మలుపు దగ్గర స్టాపు లేదు, కానీ డ్రైవర్లు ఆపుతారు. నేను మాట్లాడినట్టే రాశాను. అతను చదవకుండా ఎత్తుకుపోయాడు. మగవాడికి తల్లిగారిల్లు ఎక్కడిది? ఉంటే వాడిల్లే.

నేను ఒక్కరికే చెప్పాను, నైటాల్టు బస్సు కండక్టరుకు. మర్నాడు సాయంత్రానికి స్టేజీ అంతా తెలిసింది. నెట్ సెంటర్ ముందు నలుగురు చేరారు.

"ఏం తమ్మీ, తల్లిగారింటికి ఎన్నడు పోతున్నవ్?"

"ఈసారన్న ఆడబిడ్డకు పోసినట్టు ఒడిబియ్యం పోస్తరా మీ అన్నలు?"

"పోసేదుంటే జల్దీ చెప్పు. జాకెట్టు అక్క దగ్గర కుట్టిద్దం."

అతను రోడ్డు దాటి వచ్చాడు. "నువ్వేనా చెప్పింది?"

"నేనేం చెప్పలే తమ్మీ. నువ్వే రాసుకున్నవ్."

మూడో రోజు ఆ లైను తీసేశాడు. పేజీ మాత్రం అలాగే ఉంది. నవ్వులు వారం నడిచాయి, తర్వాత అందరూ మళ్ళీ ఆ పేజీయే చూడడం మొదలుపెట్టారు. ఎవరు రాస్తేనేం, టైము తెలిస్తే చాలు వాళ్ళకు. దొంగతనం కన్నా నన్ను ఎక్కువ మండించింది అదే.

వానలు మొదలయ్యాయి. భద్రాచలం దారిలో వాగు మీది చప్టా మునిగి, పొద్దటి బస్సు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది, అందుకని ముందే బయల్దేరాలి. కండక్టరు నాకే చెప్పాడు. "అక్కా, రేపటి నుంచి పొద్దటి బండి ముప్పావుగంట ముందే వస్తది. అందరికి చెప్పు."

"సరే," అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఎంతమందికి బస్సు తప్పిపోయిందో మిషను ముందు నుంచే చూశాను. ఫోను పట్టుకుని నెట్ సెంటరుకు పోయి అరిచారు. అతనికి ఏం జరిగిందో అర్థంకాలేదు. కండక్టరు అతనితో మాట్లాడడు, అతను ఎప్పుడూ బస్సెక్కడు, అతనికి బండి ఉంది. రోజూ కొందరు కొత్తవాళ్ళకు బస్సు తప్పిపోతూనే ఉంది. ఆ నాలుగు రోజులు నేను కుట్టినంత శుభ్రంగా ఎప్పుడూ కుట్టలేదు.

అయిదో రోజు పొద్దున్నే అడవి లోపలి ఊరి నుంచి ఒక అవ్వ, ఆమె కోడలు నడుచుకుంటూ వచ్చారు. అవ్వ ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డా, బస్సు పోయిందా?"

"పోయిందవ్వా. అర్ధగంటైంది."

కోడలు ఫోను తీసి నాకు చూపించింది. "ఈడ గిట్ల లేదు గదక్కా. ఇంకా టైమున్నట్టుంది."

భద్రాచలం దవాఖానాలో కంటి ఆపరేషన్ల క్యాంపు. బయటి డాక్టర్లు ఆ ఒక్కరోజే వస్తారు. తొమ్మిదిలోపు పేరు చెప్పాలి. కోడలు ఇదంతా చెబుతుంటే నా కాలు మిషను పెడలు మీదే ఆగిపోయింది.

కొట్టు మూసి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. జామాయిల్ కర్రల లారీ ఆగింది. ముగ్గురం క్యాబినులో ఎక్కాం. బరువుతో చుట్టు దారిలో అది నడిచినట్టే పోయింది. దవాఖానాకు చేరేసరికి లిస్టు అయిపోయింది. "వచ్చే క్యాంపుకు రండి," అంది నర్సు. అది ఎప్పుడో ఆమెకూ తెలియదు.

తిరుగు బస్సులో అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. "నిన్ననే నీ దగ్గరికి వచ్చి అడిగితే అయిపోతుండె బిడ్డా. ఫోన్ల ఉన్నది గదా అని రాలే," అంది. అప్పుడు ఆమెకు నిజం చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

అతని మీద పగ తగ్గలేదు. దానికి అవ్వ కన్ను వాడుకున్నాను, ఆ తప్పు మాత్రం అతనిది కాదు.

ఆ సాయంత్రమే పలక మీద కొత్త టైము రాసి కొట్టుకు వేలాడదీశాను. తర్వాత కొలతల పుస్తకం ముందు పెట్టుకుని పేజీ మళ్ళీ తయారుచేశాను. మళ్ళీ ఉచిత హోస్టింగే. నన్ను ముంచింది ఫుకట్ కాదు, ఇంకొకరి నంబరు. ఈసారి నంబరు నాది, కొత్త ఫోనూ నాది. ప్రతి సంత రోజు లాగిన్ అవుతాను. పేజీ ప్రతులు మూడు చోట్ల ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. నేర్చుకోవడానికి ఉచితం చాలు, కానీ తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వకండి. జనం మీ పేజీని నమ్మి ఇల్లు కదిలే రోజు వస్తే, కిరాయి కట్టి సొంత అడ్రసు తీసుకోండి. నేనింకా తీసుకోలేదు. ఈ పండగ కుట్లు అయ్యాక తీసుకుంటాను.

పేజీ పైన ఇలా ఉంటుంది: "ఇది రాసేది స్టేజీ దగ్గర బట్టలు కుట్టే ఆమె. టైము మారిన రోజే మారుస్తుంది. నమ్మకం లేకుంటే వచ్చి అడగండి." అతని పేజీలో పొద్దటి బస్సు చాలా రోజులు పాత టైముకే వచ్చింది. రోజూ తెరిచి చూసి సంతోషించేదాన్ని. కండక్టరు ఒకసారి అడిగాడు, ఆయనకు గూడ చెప్పనా అక్కా అని.

"పలక మీద రాసిన. ఆయనకు సదువొచ్చు," అన్నాను.

తర్వాతి క్యాంపు తేదీ తెలిసిన రోజు నేనే లోపలి ఊరికి నడిచిపోయి చెప్పాను. అవ్వకు ఆపరేషను అయింది. ఆమెకు నిజం చెప్పడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఇది అచ్చయితే కోడలు చదివి వినిపిస్తుంది. ఏమన్నా అననీ.

సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా దండాలు పెట్టాలి. అతని పేరు రాయలేదు కాబట్టి ఎవరి పేరూ రాయను, నేను పిలిచే పేర్లతోనే పెడతాను. అట్టలేని పుస్తకం ఇచ్చి ఇప్పటిదాకా వాపసు అడగని సారుకు. నా నోట్లో నుంచి ఊడిన ఒక్క మాటను దుమ్ముగూడెం దాకా మోసిన కండక్టరన్నకు. దారిలో ఆగిన లారీ అన్నకు, ఆయన మొహం కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. ఒక్క మాట అనని అవ్వకు, ఆమె కోడలికి. చివరగా నా కొట్టు షట్టరు మీద పేజీ అడ్రసు రాసిన పెయింటరు బాబాయికి. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒక్కో అక్షరాన్ని బొమ్మలాగా చూసి గీశాడు, షట్టరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి రెండో వరసలోకి దిగాడు.

"ఇంత పొడుగు పేరు ఎవలు పెట్టిండ్రు బిడ్డా?" అన్నాడు నిచ్చెన మీద నుంచి.

"ఫుకట్‌ది బాబాయ్," అన్నాను. "ఇంకా తొమ్మిది అక్షరాలున్నయ్, దిగకు."