చిల్లకల్లు నుంచి క్లచ్ లేకుండా

లద్దాఖ్ దాకా నన్ను మోసి వెనక్కి తెచ్చిన మా నాన్నగారి మోటారుసైకిలు, చివరి రోజున, ఇల్లు ఇంకో పాతిక కిలోమీటర్లుందనగా, చిల్లకల్లు దగ్గర క్లచ్ తీగ తెంపుకుంది. ముక్త్యాల వైపు నుంచి వచ్చిన సిమెంటు లారీ ఒకటి అడ్డం దూరితే క్లచ్ గట్టిగా పట్టాను. పిడి చేతిలో వదులుగా ఊగింది.

రోడ్డు పక్క షెడ్డులోని మెకానిక్ బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

“ఈ మోడలుకి కేబుల్ జగ్గయ్యపేటలో కూడా దొరకదండి. బెజవాడ నుంచి రావాలి, రేపవుద్ది. ట్రాలీ ఆటో మాట్లాడతా, ఎక్కించేయండి.”

“ట్రాలీ మీద నేను నందిగామ వెళ్ళను.”

“మీరు కాదండీ, బండి.”

“రెండూ ఒకటే.”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

అప్పుడే మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. “ఎక్కడున్నావ్ బావా? సెంటర్లో డప్పులోళ్ళని పెట్టా. దండ వాడిపోతంది. నువ్వు బండి మీదొస్తన్నావా, బండి నీ మీదొస్తందా?”

బయల్దేరిన రోజు పదిమందిలో వాడే అన్నాడు, ఇది తిరిగొస్తే ట్రాలీ మీదేనని, అలా వచ్చినా దండేస్తానని.

వాడికది సరదా. నాకు కాదు. మా రైసుమిల్లు చేతులు మారిన ఏడాది, కొన్నవాళ్ళు కారు కూడా తీసుకున్నారు. అది స్టార్టు కాకపోతే తాడు కట్టి ట్రాక్టరుతో లాగించారు. సరిగ్గా నందిగామ సెంటర్లో తాడు తెగింది. మళ్ళీ కట్టేదాకా, తాళాలు అప్పగించడానికి వెంట నడుస్తున్న నాన్నగారూ నేనూ బజారు మధ్యలో నిలబడ్డాం. కొట్లలోంచి జనం బయటికొచ్చి చూశారు. ఆయన నడుము వంచలేదు, ఎవరి వైపూ చూడలేదు. మోటారుసైకిలుని ఎవరూ అడగలేదు కాబట్టి అది మాకు మిగిలింది. మా ఇంటి బండిని ఆ సెంటర్లోంచి ఇంకో బండి ఈడ్చుకెళ్ళడం మళ్ళీ జరగదని ఆనాడే అనుకున్నాను.

క్లచ్ లేకపోయినా బండి నడుస్తుంది. కదులుతున్నంతసేపూ గేర్లు మార్చుకోవచ్చు. ఆక్సిలేటరు వదిలి, ఇంజను బిగువు సడలే క్షణం కనిపెట్టి గేరు తొక్కాలి. ఆగకూడదు, అంతే. ఆగితే మళ్ళీ తోసుకోవాల్సిందే. మెకానిక్ వెనక నుంచి తోస్తానంటే వద్దన్నాను. సర్వీసు రోడ్డు వాలులో నేనే తోసి, ఎక్కి, రెండో గేరు వేశాను. ఒక్క కుదుపు కుదిపి ఇంజను అందుకుంది.

హైవే నన్నేమీ చేయలేదు. నందిగామ ఊళ్ళోకి తిరిగాకే అసలు పని. ఆటోలు, మిరపకాయల బస్తాలు దించుతున్న లారీ, అడ్డంగా తిరుగుతున్న మధిర బస్సు. మొదటి గేరులో ఇంజను ఆగిపోతానని బెదిరిస్తోంది. ఇక్కడ ఆగితే ఇందరి కళ్ళ ముందు దిగి తొయ్యాలి. నెలన్నర ప్రయాణానికి నడుము కొయ్యబారి ఉంది. అయినా నిటారుగానే కూర్చున్నాను.

డప్పులు మోగాయి. బావ రెండు చేతుల్తో దండ పట్టుకుని రోడ్డు మధ్యకొచ్చాడు.

“ఆగు బావా! ఆగవయ్యా!”

బస్సు వెనక సందు దొరికింది. తల తిప్పకుండా వాడి మోచేతి పక్క నుంచి పోయాను. వెనక ఎవరిదో గొంతు వినిపించింది: “చూశావా! ఆస్తులన్నీ పోయినా వీళ్ళ పొగరు మాత్రం పోలేదురా.”

ఇంటి ముందు ఇంజను ఆపి దిగాను. మా ఆవిడ ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తూ, వేలాడుతున్న క్లచ్ పిడి చూసింది. సెంటర్లో జరిగింది చెప్పాను.

“అయ్యో, ఒక్క ఫోన్ చేసి ఇదీ సంగతని చెప్పండి. అన్నయ్య ఎంత చిన్నబుచ్చుకున్నాడో!”

“చెప్పను.”

సాయంత్రం వాడే వచ్చాడు, నలిగిన దండ సంచిలో పెట్టుకుని.

“ఊరంతా చూస్తుంటే నన్నలా వదిలేసి పోతావా? నిమిషం ఆగితే నీ కిరీటం పడిపోద్దా?”

క్లచ్ మాట చెబితే నన్ను వదిలేసి బండిని వెక్కిరించేవాడు. పైగా అది పూర్తి నిజం కూడా కాదు. తీగ తెగకపోయినా నేను ఆగేవాణ్ణి కాదు.

“మేం అక్కడ ఒకసారి ఆగాం బావా,” అన్నాను. “అది చాలు.”

ఆ రోజు కొట్లలోంచి చూసినవాళ్ళలో వాడూ ఉన్నాడు. సంచి కుర్చీకి తగిలించి, లోపలికి చూస్తూ, “చెల్లెమ్మా, కాస్త టీ ఇస్తావా?” అన్నాడు.