మోటారు పరీక్షకు మా నాయిన

ఆ రోజుల్లో మా గద్వాలలో నేతపనివాళ్ల ఇంట పుట్టినవాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టనన్నాడంటే, వాణ్ణి దవాఖానకు తీసుకుపోవాలా, దేవుడికి మొక్కుకోవాలా అని ఇంట్లో ఆలోచించేవాళ్లు. నేను వనపర్తిలో పల్లీనూనె మిల్లుకు పోయి అక్కడి మేస్త్రి చేతికింద మోటారు పనిలో చేరాను. ఏడాది చూసి మా నాయిన బస్సు దిగాడు (యుద్ధం రోజులు, బస్సులు బొగ్గుతో నడిచేవి; మనిషి సగం బొగ్గయి వచ్చాడు). "మేస్త్రి ముందట పని చేసి చూపియ్. ఆయన మంచిదంటె ఉండు, లేకుంటె మూట కట్టు, మగ్గం ఖాళీగుంది" అన్నాడు. నాకు మగ్గం మీద కోపమేమీ లేదు. మోటారు మీద ప్రాణం, అంతే.

పరీక్ష చిన్నదే. కొత్త మోటారుకు మూడు కరెంటు తీగలు బిగించాలి. స్విచ్చి బంద్ చేసి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాను. "అవి జేబులెందుకురా?" అన్నాడు నాయిన. "ఇవి నాకాడ ఉన్నంతసేపు ఎవ్వరు స్విచ్చి ఏసినా కరెంటు రాదు నాయినా" అని పండితుడిలా సెలవిచ్చాను. బల్బు పెట్టి చూసి, కరెంటు లేదని తేల్చుకొని, తీగ కొసలు చెక్కి, పేనడానికి వేళ్లు నాలుకకు అద్దుకున్నాను. "థూ! కరెంటు తీగకు ఉమ్మి పెడ్తవా? పట్టుదారమనుకున్నవా?" అని మేస్త్రి ఎగిరిపడ్డాడు. "గట్లనే పేనాలె గద" అని నాయిన మెల్లగా నా పక్షాన మాట్లాడాడు. (ఆ సాక్ష్యం నాకేమీ మేలు చెయ్యలేదు.) చేతులూ తీగలూ పొడిగా తుడిచి, ఒక్క పోగు బయటికి రాకుండా మరలు బిగించి, ఎర్తు తీగ కలిపి, మూత పెట్టి, ఫ్యూజులు ఎక్కించి స్విచ్చి వేశాను.

మోటారు తిరిగింది. వెనక్కి తిరిగింది.

"ఏవన్న రెండు తీగలు అటుదిటు మార్చు, సీదా తిరుగుతది" అన్నాడు మేస్త్రి. సిగ్గుతో నా చెవులు మండుతున్నాయి. స్విచ్చి బంద్ చేసి, గబగబా మూత తీసి చెయ్యి పెట్టబోయాను. అవతల స్విచ్చి దగ్గర నిలబడ్డ మిల్లు సేటుకు తొందర. "అయ్యిందా? ఏస్తున్న!" అంటూనే స్విచ్చి వేశాడు. అదే క్షణాన ఎవరో నా అంగీ పట్టి లాగితే వెల్లకిలా పడ్డాను. మోటారు మళ్లీ వెనక్కే తిరుగుతోంది.

"అవి జేబుల ఏసుకోలేదు గదరా బిడ్డా!" అన్నాడు నాయిన. నా అంగీ ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది.

మేస్త్రి మోటారు ఆపి మా ఇద్దరినీ చూశాడు. "పని తండ్రికొచ్చింది, కొడుక్కి రాలే. పెద్దమనిషీ, నౌకరికి నువ్వుంటవా?"

ఇంకేముంది, మూట కట్టుకోవడమే అనుకున్నాను. నాయిన నా వీపు మీద దుమ్ము దులుపుతూ, "నాకు మగ్గముంది. వీణ్ణే ఉంచుకో మేస్త్రీ, జర ఓపిక పట్టు. ఇంకోసారి మరువడు" అన్నాడు.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ఆ సాయంత్రం ఒక్కడే గద్వాలకు బయలుదేరాడు. మేస్త్రి చూస్తున్నాడని నేను మోటారు వదిలి బస్సు దాకా కూడా పోలేదు. ఇరవై ఏళ్ల మొనగాడికి అంతకంటే ఏం తెలుస్తుంది!