రాజమల్లు పాటకు కావలసిన చప్పుడు

2023 వేసవి. సూరత్‌లో లింబాయత్‌ను ఆనుకుని ఉన్న ఒక పాత గోడౌన్ పై అంతస్తును సంగీత కేంద్రంగా మార్చే పని ఒక సేవా ట్రస్టు వాళ్లు నాకు అప్పజెప్పారు. మనసు దెబ్బతిన్నవాళ్లు పాటతో, వాద్యంతో కాస్త తేరుకోవాలనీ, పాడుకోవాలని ఉండీ చోటు లేనివాళ్లకు చోటు దొరకాలనీ వాళ్ల ఆశ. నా వృత్తి అకౌస్టిక్స్, అంటే ఒక గదిలో శబ్దం ఎలా మసలాలో చూసుకోవడం. అంతకుముందు చాలా ఏళ్లు హజీరా ఫ్యాక్టరీల్లో యంత్రాల రొద తగ్గించే ఇంజనీరుగా చేశాను. చప్పుడు నాకు బద్ధ శత్రువు. ఇంట్లో మిక్సీ వేస్తే మొహం చిట్లిస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకే ఆ కేంద్రంలో నేను మనసు పెట్టి చేసింది ఒక్కరే కూర్చుని పాడుకునే చిన్న గది. రెండు పొరల గోడలు, మధ్యలో చప్పుడును మింగేసే రాక్‌వూల్ దూది, తలుపు అంచులకు రబ్బరు. కింద సందులో షేర్ ఆటోలు ఎంత హారన్ కొట్టినా లోపలికి రాదు. రెవర్బరేషన్, అంటే పాడిన స్వరం గోడలకు తగిలి కాసేపు నిలవడం, అది కూడా కావలసినంతే ఉండేలా సరిచూశాను. బయట గదిలోంచి సైకాలజిస్టు ఒక కన్నేసి ఉంచడానికి మందపాటి అద్దం పెట్టాను. లోపల నిలబడితే మన ఊపిరి మనకు వినపడేది. వచ్చిన ప్రతివాళ్లనీ లోపలికి తీసుకెళ్లి చూపించి మురిసిపోయేవాణ్ణి.

కేంద్రం తెరిచిన కొద్ది వారాలకు సైకాలజిస్టు హేతల్ బెన్ ఫోన్ చేశారు. ఆవిడతో మాటంతా హిందీలోనే.

"గది బాగానే ఉంది. కానీ మీ తెలుగాయన ఒకరు అందులో నిలవలేకపోతున్నారు. ఒకసారి వచ్చి మాట్లాడతారా?"

ఆ మనిషి పేరు రాజమల్లు. సిరిసిల్ల వైపు పల్లె నుంచి కుర్రతనంలోనే సూరత్ వచ్చి సాంచెలు నడిపాడు. పవర్‌లూమ్‌లను అక్కడివాళ్లు సాంచెలంటారు. పనిచేసే కార్ఖానా మూతపడ్డాక ఊరి చివర సచిన్ అనే చోట ఒక గోడౌన్‌కు వాచ్‌మన్‌గా చేరాడు. ఆ తర్వాత మెల్లగా మాట తగ్గింది, నిద్ర కరువైంది, చివరికి తిండి కూడా మానేశాడు. మందులు నడుస్తున్నాయి. ఈ నెలాఖరుకు మార్పు లేకపోతే ఆసుపత్రిలో చేర్చక తప్పదని డాక్టరు చెప్పేశాడు. ఆయన భార్య భాగ్య ఇంట్లో చీరలకు రాళ్లంటించే పని పక్కన పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ ఆయన వెంట వచ్చేది. ఆ డబ్బా అలాగే తిరిగి వెళ్లేది.

"ఏంది సారు గీ రూము?" అంది నన్ను చూడగానే. "లోపటికి పోతే చెమటలు వడుతున్నయట. గోడలు చెవులు వెట్టి ఇంటున్నట్టే ఉన్నదట. జర ఏమన్న చెయ్యిండ్రి. మా మేనమామ గిట్లనే దవఖానకు పోయిండు, మల్ల మనిషి గాలే. నాకు భయమైతాంది."

"ఇదివరకు ఆయన పాడేవాడా అమ్మా?"

"నేనైతే ఎన్నడు ఇనలే. గిన్నేండ్ల సంసారంల ఒక్క పాట ఇనలే. కార్ఖానల పాడేటోడని ఓదేలన్న అంటడు. ఇద్దరు పక్క పక్క సాంచెల మీద చేసిండ్రు."

నాకు కుతూహలం పుట్టింది. ఓదేలు ఇప్పుడు లింబాయత్‌లోనే ఇంకో కార్ఖానాలో ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే వెతుక్కుంటూ వెళ్లాను. లోపల అడుగు పెడుతూనే అలవాటుగా చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నాను. సాంచెల మోతకు కాళ్ల కింద నేల అదురుతోంది. ఆ మోతలో తెగిన పోగులు అతుకుతున్న మనుషుల నోళ్లు కదులుతూ కనపడ్డాయి. ఎవరూ ఎవరివైపూ చూడటం లేదు. ఏం మాట్లాడుకుంటున్నారని సైగ చేస్తే ఓదేలు నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"మాట్లాడుతలేరు సారు, పాడుతున్నరు. ఎవని పాట వానికే. పక్కోనికి సుత ఇనరాదు. గందుకే గొంతెత్తి పాడుతరు."

"రాజమల్లు ఏం పాడేవాడు?"

"నాకేమెరుక? నోరు సూసిన గని పాట ఇనలే." నవ్వాడు. "మంది ముంగట పాడుమంటే సచ్చిపోతడు. గంత సిగ్గు."

తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచన. రోజంతా గొంతు చించుకుని పాడి, ఒక్క మనిషికి కూడా వినపడకుండా బతికినవాడు. వాచ్‌మన్ పనిలో ఆ గోడౌన్ దగ్గర పిట్ట ఎగిరినా వినపడుతుంది. ఇంటికొస్తే ఒక్క గది, గోడ అవతల పొరుగువాళ్లు. పాడుకోవడానికి చోటే లేకుండా పోయిన అలాంటి మనిషిని తెచ్చి, ఊపిరి కూడా వినపడే గదిలో కూర్చోబెట్టి పాడమంటున్నాం!

మా వృత్తిలో సౌండ్ మాస్కింగ్ అని ఒకటి ఉంది. పక్క క్యాబిన్‌లో మాటలు వినపడకుండా ఆఫీసుల్లో ఒక మోస్తరు చప్పుడును కావాలనే వదులుతారు. ఆ పనే ఇక్కడ చేద్దామన్నాను. హేతల్ బెన్ నోరు వెళ్లబెట్టారు.

"ఇంత కష్టపడి చప్పుడు ఆపింది మీరే. ఇప్పుడు మీరే పెడతానంటున్నారా?"

"పెడతానండీ. ఏం చెయ్యమంటారు?"

ఆవిడ రెండు షరతులు పెట్టారు. ముందు రాజమల్లును అడగాలి. చప్పుడు పెంచడం, తగ్గించడం ఆయన చేతిలోనే ఉండాలి. అడిగితే రాజమల్లు తల ఊపాడు. ఓదేలు కార్ఖానాలో సాంచెల మోత రికార్డు చేసి తెచ్చి, గదిలో స్పీకర్లు బిగించాను. చెవులకు దెబ్బ తగలని స్థాయి దాటకుండా కట్టడి చేసి, వాల్యూమ్ మీట ఆయనకు అందేచోట పెట్టాను.

మొదట్లో ఏమీ జరగలేదు. మీట తిప్పి ఉత్తగా కూర్చునేవాడు. చెమటలు పట్టడం మాత్రం ఆగింది. నెలాఖరు ముంచుకొస్తోంది. భాగ్య మొహం చూడలేక నేను ఏవో వైర్లు సర్దుతున్నట్టు నటించేవాణ్ణి.

ఒకరోజు ఆయన కుర్చీలోంచి లేచాడు. మీట ఇంకొంచెం తిప్పాడు. సాంచె ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. నోరు తెరుచుకుంది. అద్దం ఇవతల మాకు ఒక్క ముక్క వినపడటం లేదు గానీ మెడ నరాలు పొంగడం కనపడుతోంది. భాగ్య పరుగున అద్దం దగ్గరికి వెళ్లింది. లోపలి మైకు బయటికి వినిపించే స్విచ్ వైపు హేతల్ బెన్ చెయ్యి వెళ్లింది. భాగ్య ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు మేడం. ఆయన పాట ఆయన్ను పాడుకోనియ్యిండ్రి."

ఏడుస్తోంది, నవ్వుతోంది. నా కళ్లల్లో కూడా నీళ్లు తిరిగాయి. అన్ని వారాలుగా గుండెల మీద ఉన్న బండ దిగిపోయినట్టనిపించింది. కాసేపటికి ఆయన చెమటతో తడిసిన చొక్కాతో బయటికొచ్చి, భాగ్య చేతిలో డబ్బా చూసి, "ఆకలైతాంది" అన్నాడు.

పాట ఒక్కటే నయం చేసిందని నేననను. మందులు చాలాకాలం వాడాడు, హేతల్ బెన్ ఓపిగ్గా వెంట ఉన్నారు. ఆసుపత్రి మాట మాత్రం మళ్లీ రాలేదు. ఇలాంటి కేంద్రానికి ప్లాను గీయమని ఇప్పుడు ఎవరడిగినా, గోడల కొలతల కంటే ముందు అక్కడికి వచ్చే మనుషులు ఇంతకాలం ఎక్కడ పాడుకున్నారో కనుక్కుంటాను. ఎవరు వినాలో ఆలోచించినంతగా ఎవరికి వినపడకూడదో కూడా ఆలోచిస్తాను. ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఈమధ్య భాగ్య కనపడితే, ఇప్పటికైనా మీ ఆయన పాట విన్నారా అని అడిగాను.

"ఇనలే సారు. ఇంటికాడ పాడనే పాడడు. గాడ పాడొచ్చిన నాడు కడుపునిండ తింటడు, కండ్లనిండ పంటడు. నాకు గంత సాలు."